గ్రీటింగ్ కార్డుకి 480 రూపాయల కిట్ ఎందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను విశాఖపట్నం కంచరపాలెంలో బ్లౌజులు, చుడీదార్లు కుట్టుకునే దాన్ని. మీ పేపరు రోజూ తెప్పించుకుంటాను. పొద్దున చదువుతాను, సాయంత్రం దాని మీదే బ్లౌజు కటింగులు గీసుకుంటాను. ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పొడుగైతే కత్తిరించండి, ఏమీ అనుకోను. నా పనే అది.

మా పాప ఐదో తరగతి చదువుతోంది. మొన్న డిసెంబరులో స్కూలు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కొత్త సంవత్సరానికి గ్రీటింగ్ కార్డుల పోటీ, కిట్ స్కూల్లోనే ఇస్తారు, 480 రూపాయలు, శుక్రవారంలోగా కట్టాలి. చివర చిన్న అక్షరాల్లో ఆప్షనల్ అని ఉంది. ఆప్షనల్ అంటే అర్థం ఏమిటో పిల్లల్ని బడికి పంపే తల్లులందరికీ తెలుసు. స్కూలు పేరు రాయడం లేదు. నా బాధ ఆ ఒక్క స్కూలుతో కాదు. నా దగ్గరికి కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లలో నలుగురైదుగురు ఇదే మాట వేరే వేరే స్కూళ్ల గురించి చెప్పారు.

480 అంటే నాకు ఒక లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి కంటే ఎక్కువ. అయినా అందరు పిల్లలూ కొంటే మనమూ కొనాలి కదా అని డబ్బు తీశాను కూడా. ఈలోగా పక్కింటి పాప తన కిట్ తెచ్చి చూపించింది. ముందే మడిచిన కార్డులు నాలుగు, ముందే కత్తిరించిన చెట్లు, నక్షత్రాలు, వెనక పొర ఊడదీసి అంటించే ముత్యాలు, ఓ చిన్న సీసాలో మెరుపుపొడి, ఇంకా ఒక మంచు మనిషి బొమ్మ, మెడకి మఫ్లర్‌తో సహా. విశాఖపట్నంలో మంచు మనిషి! చలికి పేరుపడ్డ మన లంబసింగిలో కూడా అలాంటి బొమ్మ చేసేంత మంచు పడదు. సరే, బొమ్మ ఏదైతేనేం అనుకున్నా, ఆ కిట్‌లో పిల్ల చేతికి పనేదీ? పొర లాగడం, గీత గీసిన చోట అంటించడం. అంతే. డబ్బు మళ్లీ పోపులడబ్బాలో పెట్టేశాను.

మా ఇంట్లో ఒక రేకు బిస్కట్ డబ్బా ఉంది. కుట్టగా మిగిలిన లేస్ ముక్కలు, జరీ అంచులు, పైపింగ్, కుందన్లు, చమ్కీలు, పూసలు, జత తప్పిన లట్కన్లు, విరిగిన బొత్తాలు అన్నీ అందులోనే. బ్లౌజు తీసుకెళ్లేటప్పుడు మిగిలిన లేస్ ఏదని అడిగి పట్టుకెళ్లేవాళ్లు కొందరు, ఉంచుకో అమ్మా అనేవాళ్లు కొందరు. ఆ రెండో రకం వాళ్ల దయవల్ల డబ్బా ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా రేకుల కప్పు ఒక మూల లేచిపోయింది. కస్టమర్ల చీరలు మూటకట్టి మంచం మీద పెట్టి, పైన గొడుగు పట్టుకుని నేను కూర్చున్నాను. ఆ రోజు ఇంట్లో తడవనివి ఆ డబ్బాలోవే. మూత అంత బిగువు.

ఇక అట్ట. ప్రతి ఇంట్లోనూ అటక మీదో బీరువా పైనో పెళ్లికార్డుల కట్ట ఒకటి ఉంటుంది. పైన వినాయకుడు ఉంటాడు కాబట్టి చెత్తలో పడేయలేం, దాచుకునీ చేసేదేమీ లేదు. మా ఇంట్లో అలాంటివి ముప్పై పైనే తేలాయి. దేవుడి బొమ్మలు జాగ్రత్తగా కత్తిరించి పక్కన పెట్టి, అచ్చులేని లోపలి భాగం తీసుకున్నాం. ప్రెస్‌లో పనిచేసే మా మరిది వేళ్లతో నలిపి చూసి ఇది 300 జీఎస్‌ఎం వదినా, మంచి అట్ట అన్నాడు. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్కట. ఆ లెక్క తర్వాత మా కొంప ముంచింది, చెబుతాను.

మొదటి కార్డు మడిచినప్పుడు మడత దగ్గర అట్ట పగిలి తెల్లగా పీచు లేచింది. పాప మొహం చిన్నబోయింది. నాకు అప్పుడు తట్టింది, గుడ్డకి నిలువు పోగు, అడ్డ పోగు ఉన్నట్టే కాగితానికీ ఉండాలి కదా అని. అట్టని ఒకసారి ఇటు, ఒకసారి అటు మెల్లగా వంచి చూశాం. ఒకవైపు మెత్తగా వంగింది, ఇంకోవైపు మొండికేసింది. మెత్తగా వంగే వైపే మడిస్తే అంచు గీత గీసినట్టు వచ్చింది. మడిచే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు ఆనించి ఒక్క గీత గట్టిగా లాగాలి. ఇన్నేళ్లుగా నిలువు, అడ్డం చూసుకుని గుడ్డ కోస్తున్నాను, కాగితంలో ఆ సంగతి నా పదేళ్ల కూతురితో కూర్చున్నాక గానీ తెలియలేదు.

ఫెవికాల్‌తోనూ అవస్థ పడ్డాం. పాప ధారాళంగా పూసింది. అసలే మన ఊరి గాలిలో తేమ, అది తొందరగా ఆరదు. ఆరేలోగా లేస్ కింద కాగితం బూరెలా ఉబ్బింది. చల్లారిన ఇస్త్రీపెట్టె రాత్రంతా బరువు పెట్టినా పూర్తిగా దిగలేదు. దాంతో జిగురు మానేసి కుట్టుకే వచ్చాం. కాగితాన్ని మిషను మీద కుట్టొచ్చని చాలామందికి తెలియదు. పాత సూది వేసుకోవాలి, ఎందుకంటే కాగితం కుట్టిన సూది మొద్దుబారి మళ్లీ గుడ్డకి పనికిరాదు. కుట్టు పొడుగు బాగా పెంచుకోవాలి. చిన్న కుట్టు పెడితే చిల్లులు దగ్గర దగ్గరగా పడి పోస్టల్ స్టాంపు అంచులా కాగితం అక్కడికక్కడే తెగిపోతుంది. ఒకటి అలాగే తెగింది. మిషను చక్రం నేను చేత్తో తిప్పాను, కార్డు పాప జరిపింది. పూసలకి మాత్రం చేతికుట్టే. ముందు సూదితో చిల్లులు గుచ్చి ఉంచుకుని, వెనకాల చిన్న బక్రం ముక్క, అంటే కాలర్లలో వేసే గట్టి గుడ్డ, పెట్టి కుడితే దారం లాగినా అట్ట చిరగదు.

రంగుల దగ్గర మా అమ్మ గుర్తొచ్చింది. దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలిపేది కదా, పసుపులో సున్నం వేసి. అదే చేశాం. పసుపు నీళ్లు బ్రష్‌తో కాగితమంతా పూసి ఆరబెట్టాం. తర్వాత కిళ్లీకొట్టు నుంచి తెచ్చిన కాస్త సున్నం నీళ్లలో కలిపి, అగ్గిపుల్లకి దూది చుట్టి ముంచి దానితో బొమ్మ గీయమన్నాను. పుల్ల తగిలిన చోటల్లా పసుపు ఎర్రగా తిరుగుతుంటే పాప కేకలు పెట్టింది. పక్కింటి పాప తన కిట్ వదిలేసి వచ్చి కూర్చుంది. ఒక్కటి చెప్పాలి, ఎండ తగిలితే ఆ పసుపు వెలిసిపోతుంది. కిటికీలో పెట్టే కార్డుకి పనికిరాదు, కవరులో వెళ్లేదానికి ఫరవాలేదు. సున్నం నీళ్లు పిల్లల కళ్లలో పడకుండా పెద్దవాళ్లు పక్కనుండాలి.

పాప రెండు కార్డులు చేసింది. ఒకటి స్కూలుకి, ఒకటి చోడవరం దగ్గర పల్లెలో ఉన్న తాతయ్యకి. మా నాన్నది చెరుకు వ్యవసాయం. అందుకని ఆకుపచ్చ పైపింగ్ ముక్కలు నిలువుగా కుట్టి చెరుకు తోట చేసింది. కణుపు ఉండాల్సిన చోటల్లా అడ్డంగా ఒక్కో గోధుమరంగు దారం కుట్టు. తోట గట్టు మీద ఎర్ర బొత్తాం, అది తాతయ్య తలపాగాట. లోపల రాతలో రెండు తప్పులున్నాయి, దిద్దలేదు.

స్కూలుకి పంపిన కార్డు సాయంత్రానికి బ్యాగులోనే తిరిగొచ్చింది. టీచరు బావుందనే అన్నారట, కానీ బోర్డు మీద కిట్ కార్డులే పెట్టాలని, అన్నీ ఒకేలా ఉంటేనే అందమని పైనుంచి చెప్పారట. టీచరమ్మని ఏమంటాం, ఆవిడకీ వచ్చింది ఒక మెసేజే. పాప ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. అన్నం తింటూ మధ్యలో ఆగి, “అన్నీ ఒకేలా ఉంటే మరి పోటీ ఎలా పెడతారమ్మా?” అంది. నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

తాతయ్య కార్డు పోస్టులో వేశాం. పాపకి పోస్టు డబ్బా అంటే ఏమిటో చూపించడమే ఒక పని అయింది. నా చిన్నతనంలో డిసెంబరు నెల వచ్చిందంటే జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద తాళ్లు కట్టి, క్లిప్పులతో గ్రీటింగులు వేలాడదీసేవారు. హీరోల బొమ్మలవి ముందు అయిపోయేవి. కవరు అంటించకుండా మూత లోపలికి దోపి, మూలన బుక్ పోస్ట్ అని రాస్తే తక్కువ స్టాంపుతో వెళ్లిపోయేది. ఇప్పుడు మా పాపకి తాతయ్య ఫోన్ నంబరు నోటికొచ్చు, ఊరి పిన్‌కోడ్ తెలియదు. ఆరంకెలు రాయించి, 5 రూపాయల స్టాంపు అంటించి వేశాం.

నాలుగో రోజు మా నాన్న ఫోన్. “ఏటమ్మా, మనవరాలు గ్రీటింగు పంపి నాచేత డబ్బులు కట్టించిందేటి?” అని నవ్వు. ఉత్తరానికి 20 గ్రాముల లోపైతేనే 5 రూపాయలు. దాటితే, తక్కువైన స్టాంపుకి రెట్టింపు అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. తప్పు నాదే, పోస్టువాళ్లది కాదు. మా మరిది లెక్క వేసి చూపించాడు. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. 300 జీఎస్‌ఎం అట్టయితే ఒక్క ఏ4 ముక్కే దాదాపు 19 గ్రాములు. పైన కవరు, బొత్తాం, పూసలు, బక్రం. ఇంకేం మిగిలింది? ఏ4ని సగానికి కోసి ఆ సగాన్ని మడిస్తే కార్డు 9 గ్రాముల చిల్లరలో వస్తుంది, అలంకారానికి చోటు మిగులుతుంది. ఎవరైనా పంపేవాళ్లుంటే కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద ఒకసారి పెట్టి చూసుకోండి. మా నాన్న మాత్రం ఆ కార్డు దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడు, పోస్టుమాన్‌కి కట్టిన డబ్బు సంగతి ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మెరుపుపొడి గురించి కూడా రాయాలి. పక్కింటి పాప ఆ సీసా తెరిచిన వారం తర్వాత కూడా వాళ్ల దుప్పట్లలో, తలల్లో, ఒకరోజు పెరుగన్నంలో కూడా కనిపించింది. అది పొడి చేసిన ప్లాస్టిక్. ఊడిస్తే సగం గుమ్మం దాటి మా వీధి గెడ్డలోకి, అదే మురుగు కాలవలోకి, పోతుంది, గెడ్డ నీళ్లు పోయేది సముద్రంలోకే. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2023 అక్టోబరు నుంచి విడి ప్లాస్టిక్ మెరుపుపొడి అమ్మకం మీద నిషేధం పెట్టారు. నా డబ్బాలో చమ్కీలూ ప్లాస్టిక్కే, కాదనను. కానీ అవి దారంతో కుట్టి ఉంటాయి, ఊడినా చేత్తో ఏరుకోవచ్చు. పిల్లల కిట్లలో ఆ పొడి పెట్టకపోతే ఎవరికీ నష్టం లేదు.

స్కూళ్లవాళ్లకి నా మనవి ఇంతే. రాబోయే రోజుల్లో మదర్స్ డే అని, టీచర్స్ డే అని మళ్లీ కార్డుల పోటీలు పెడతారు. పెట్టండి. మెసేజ్‌లో కిట్ ధర బదులు, ఇంట్లో ఉన్న వస్తువులతోనే చేయాలి, కొన్నవి పనికిరావు అని రాయండి. లేస్ ముక్కలు లేని ఇంట్లో పప్పు గింజలుంటాయి, పాత క్యాలెండరు ఉంటుంది, సబ్బు పెట్టె అట్ట ఉంటుంది. వడ్రంగి ఇంటి పిల్లాడు చెక్క పొట్టు తెస్తాడు. ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, బోర్డు కాస్త గందరగోళంగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ఏమీ దొరకని పిల్లలకి, మా స్కూలు వరకు, నా డబ్బాలోంచి సగం ఇవ్వడానికి నేను సిద్ధం. టైలర్ షాపులున్న ప్రతి వీధిలోనూ అడిగితే ఇస్తారు, లేకపోతే అవన్నీ వారానికోసారి చెత్తబండిలో పోయేవే.

మీ ఆదివారం పిల్లల పేజీలో ఓ మూల చోటిస్తే, కాగితానికి నిలువు, అడ్డం చూసుకోవడం, మిషను మీద కుట్టడం బొమ్మలతో గీసి పంపుతాను. డబ్బులేమీ వద్దు.

ఈ ఉత్తరంతో పాటు స్కూలు నుంచి తిరిగొచ్చిన ఆ కార్డు కూడా పెట్టాను. పంపేయమని పాపే అంది. ఈసారి కవరు మూసేముందు కాటా మీద పెట్టాం. నా రాతే నాలుగు పేజీలయింది కదా, 20 దాటింది. రెండో స్టాంపు పాప అంటించింది, కొంచెం వంకరగా.

ఇట్లు,
ఒక టైలరు,
కంచరపాలెం, విశాఖపట్నం.
(పేరు వేయవద్దని మనవి)