పిల్లలతో పాటు మనమూ కూర్చుని చూద్దాం

సంపాదకులు గారికి,

నమస్కారం. మల్కాజిగిరిలో మా చర్చి సంఘం సండే స్కూల్‌లో పద్నాలుగేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మీ సినిమా పేజీ క్రమం తప్పకుండా చదువుతాను. హీరోల సినిమాలకు ఇచ్చే చోటులో పావు వంతు కూడా పిల్లల యానిమేషన్ సినిమాలకు దక్కడం లేదు. మన ఇళ్లలో పిల్లలు ఒక్కోటి పదిసార్లు, ఇరవైసార్లు చూసేవి మాత్రం అవే. వాటి గురించి ఒక క్రైస్తవ కుటుంబం మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నవంబర్‌లో ఒక ఆదివారం క్లాసు అయిపోయాక, తొమ్మిదేళ్ల బాబు ఒకడు చాపలు మడతపెట్టడానికి నాతో ఆగాడు. ఒక కొస వాడు పట్టుకున్నాడు, ఒక కొస నేను. "ఆంటీ, మనం తాతయ్యను మర్చిపోతే ఆయన అక్కడ కూడా ఉండరా?" అన్నాడు. ముందు నాకు అర్థం కాలేదు. మెల్లగా అడిగితే చెప్పాడు. రోజూ రాత్రి దుప్పటి కప్పుకుని తాతయ్య పేరు పదిసార్లు అనుకుంటున్నాడట. ఒక రాత్రి నిద్ర ముంచుకొచ్చి అనుకోలేదట. అప్పటి నుంచి వాడికి ఒకటే టెన్షన్, తన వల్ల తాతయ్య ఎక్కడ మాయమైపోయాడో అని. తర్వాత వాళ్లమ్మతో మాట్లాడితే ఆమె నివ్వెరపోయింది. పెదవులు కదలడం చూసి, పిల్లవాడు ప్రార్థన చేసుకుంటున్నాడనుకుని ఇన్నాళ్లూ సంతోషపడిందట.

వాడు చూసింది 2017లో వచ్చిన 'కోకో'. మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయినవారిని తలుచుకునే పండుగ చుట్టూ అల్లిన కథ అది. బతికున్నవాళ్లలో ఆఖరి మనిషి కూడా మర్చిపోతే, పోయినవాళ్లు ఆ లోకంలోంచి కూడా మాయమైపోతారని అందులో చూపిస్తారు. సినిమా నిండా బంతిపూలే. మా సంఘం పిల్లలు కూడా నవంబర్ 2న పెద్దవాళ్లతో నారాయణగూడ సమాధుల తోటకు వెళ్లి, సమాధి కడిగి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి వస్తారు. అందుకే వాడికి అదేదో పరాయి దేశం కథలా అనిపించలేదు. తను చూసొచ్చిన నారాయణగూడే తెరమీద కనబడింది.

ఆ సినిమాను నేను తప్పు పట్టను. మతిమరుపు వచ్చిన ముసలామె ముందు కూర్చుని మునిమనవడు పాట పాడే చోట నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఇంట్లో పెద్దలను గౌరవించడం, పాత కోపాలు వదిలేయడం అందులో ఎంతో బాగా చూపించారు. కానీ పోయినవాళ్లు మన జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటారన్న మాట మన విశ్వాసానికి సరిపడదు. వాళ్లు దేవుని జ్ఞాపకంలో భద్రంగా ఉంటారని మన నమ్మకం. ఈ తేడా తొమ్మిదేళ్లవాడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా! ఆ రోజు చాప పక్కన పెట్టి, యెషయా గ్రంథం 49వ అధ్యాయం తీసి వాడితోనే చదివించాను. కన్నతల్లి మరిచినా నేను నిన్ను మరువను, నా అరచేతుల మీద నిన్ను చెక్కుకున్నాను అని దేవుడు చెప్పే చోటు అది. వాడు తన అరచేయి తెరిచి కాసేపు చూసుకున్నాడు. "తాతయ్య పేరు కూడా ఉంటుందా?" అన్నాడు. ఉంటుందన్నాను.

నన్ను బాధపెట్టింది ఏమిటంటే, ఆ భయం వాడు నెల రోజులు ఒంటరిగా మోశాడు. ఆ ఇంట్లో ప్రేమకేమీ లోటు లేదు. సినిమా పెట్టిచ్చి అమ్మానాన్నలు ఎవరి పనిలో వాళ్లు పడ్డారు, అంతే. బొమ్మల సినిమాయే కదా, అందులో ఏముంటుందిలే అనుకుంటాం. అన్నం తినేదాకా ఫోన్ చేతికిస్తాం. మరికొన్ని ఇళ్లలో దీనికి పూర్తిగా ఎదురు. నాకు తెలిసిన ఒక కుటుంబంలో, సంఘ పెద్ద ఒకరు కార్టూన్లన్నీ సాతాను పనే అన్నారని టీవీలో ఉన్నవన్నీ తీసేయించారు. ఆ ఇంటి పిల్లలు ఇప్పుడు పెద్దమ్మ కొడుకు ఫోన్‌లో చూస్తున్నారు. చూసినదాని గురించి ఇంట్లో నోరెత్తరు. నా మట్టుకు నాకు ఇదే ఎక్కువ ప్రమాదం అనిపిస్తుంది.

సెన్సార్ సర్టిఫికెట్ చూసుకుంటే చాలనేవాళ్లూ ఉన్నారు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చనే యూఏను 7+, 13+, 16+ అని మూడుగా విడగొట్టారు. ఓటీటీలకు 2021 నిబంధనల్లోనే ఇలాంటి వయసు వర్గాలు వచ్చాయి. మంచి పనే, తల్లిదండ్రులకు కొంత ఊరట. అయితే ఆ గుర్తు కొట్టుకోవడం ఎంత ఉంది, బూతు ఎంత ఉంది, భయపెట్టేవి ఎన్ని ఉన్నాయి అన్నదే చెబుతుంది. చావు తర్వాత ఏముంది, తప్పు చేసినవాడు మళ్లీ ఎలా నిలబడతాడు, మనిషిని కాపాడేది ఎవరు అన్న వాటికి ఆ కథ ఏం జవాబిస్తోందో ఏ బోర్డూ చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అది ఇంటి పని.

ఈ పనికి పెద్ద చదువులు అక్కర్లేదు. మా క్లాసులో సినిమా మాట వచ్చినప్పుడు పిల్లల్ని నేను అడిగేది ఇంతే: ఈ కథలో కష్టం ఎందుకొచ్చింది? అది దేనితో తీరింది? 2013లో వచ్చిన 'ఫ్రోజెన్' సంగతి చూడండి. అందరినీ వదిలేసి మంచుకొండ మీద ఒంటరిగా ఎల్సా పాడే పాట మా ఆడపిల్లలందరికీ నోటికి వచ్చు. ఎవరి మాటా వినక్కర్లేదు, నా ఇష్టం నాది అనే ధోరణి ఆ పాటలో ఉందని కొందరు తల్లులు భయపడ్డారు. భయపడాల్సిందే. కానీ కష్టం దేనితో తీరిందని అడిగితే, ఏడేళ్ల పాప టక్కున "అన్నా అడ్డం వెళ్లింది కదా, అప్పుడు" అంది. అక్క ఎల్సా మీద పడబోయే కత్తికి చెల్లెలు అన్నా ఎదురెళ్లడంతో ఆ మంచు కరిగింది. పాట దగ్గరే టీవీ కట్టేసి ఉంటే ఆ మాట పాప నోట వచ్చేది కాదు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటే గొప్ప ప్రేమ లేదన్న యోహాను సువార్త మాట ఆ రోజు వాళ్లకు కంఠత వాక్యంగా ఇచ్చాను.

బైబిల్ కథ అని పేరుంటే చాలు, మనం కళ్లు మూసుకుని పెట్టేస్తాం. అక్కడా జాగ్రత్త కావాలి. 1998 నాటి 'ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' నాకెంతో ఇష్టం. ఎర్ర సముద్రం పాయలయ్యే చోట ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయినా, నీళ్లలోంచి మోషేను తీసిందెవరని క్లాసులో అడిగితే సగం మంది "ఫరో భార్య" అన్నారు. సినిమాలో చూపించింది అదే. నిర్గమకాండము రెండో అధ్యాయంలో ఉన్నది ఫరో కుమార్తె. చిన్న తేడాయే కావచ్చు. కానీ పిల్లల మనసులో చదివింది పోయి చూసింది నిలబడిందని నాకు అప్పుడు తెలిసింది.

పోయినవాళ్లు చుక్కలై పైనుంచి చూస్తుంటారని 'లయన్ కింగ్'లో తండ్రి సింహం చెబుతుంది. 2019లో సింబాకు నాని గొంతుతో తెలుగులో వచ్చినప్పుడు మా ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఆ మాట సినిమా వాళ్లే నేర్పారని అనడానికి లేదు, మన నానమ్మలూ చెప్పిందే.

ఇక మన హైదరాబాద్‌లో మరో సంగతి ఉంది. 2025లో 'మహావతార్ నరసింహ' వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ పిల్లలంతా కలిసి బయల్దేరారు. మావాడు నా మొహం చూశాడు. పంపాను. పండక్కి మా ఇంటి కేకు తిన్న పిల్లలు వాళ్లు. వాళ్లింటి కథ వినడానికి మావాడిని వద్దనడం నాకు సబబుగా తోచలేదు. తిరిగొచ్చాక ప్రహ్లాదుడి ధైర్యం గురించి వాడు ఆపకుండా చెప్పాడు. విన్నాను. రాత్రి కుటుంబ ప్రార్థనలో అగ్నిగుండంలో పడేసినా రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కని షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథ చదువుకున్నాం. రెండూ ఒకటేనా అని వాడే అడిగాడు. ఏది ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ వేరవుతుంది అని చాలాసేపు మాట్లాడుకున్నాం. పక్కింటివాళ్ల నమ్మకాన్ని ఒక్క మాట కూడా తూలనాడలేదు. నా పద్ధతి నచ్చని విశ్వాసులు ఉంటారని నాకు తెలుసు. వాళ్లను అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం మళ్లీ చదవమని మనవి చేస్తున్నాను. ఏథెన్సులో పౌలు ఊరంతా తిరిగి చూశాడు, తెలియబడని దేవునికి అని రాసిన బలిపీఠం గురించి మాట్లాడాడు, వాళ్ల కవుల మాటలే ఎత్తి చెప్పాడు. ఆ ప్రసంగంలో ఆ తర్వాతే తన సువార్త చెప్పాడు.

మా పాస్టర్లకు, సంఘ పెద్దలకు నా విన్నపం ఒకటే. వేసవిలో వీబీఎస్‌కు (వెకేషన్ బైబిల్ స్కూల్) పిల్లల్ని పోగుచేసినప్పుడు ఒక సాయంత్రం తల్లిదండ్రుల్నీ పిలవండి. ఒక సినిమాలో పావుగంట ముక్క అందరికీ చూపించి, పిల్లల్ని ఏం అడగాలో అక్కడే కలిసి మాట్లాడుకుందాం. ఉపన్యాసం వద్దు. స్త్రీల సమాజంలో మేం రెండుసార్లు ఇలా చేశాం. సినిమా హాలు ముఖం చూడని ఒక పెద్దావిడ అందరికంటే మంచి ప్రశ్నలు అడిగింది.

మీకూ ఒక మనవి. పిల్లల సినిమా సమీక్ష వేసినప్పుడు బొమ్మలు బాగున్నాయి, పాటలు బాగున్నాయి అన్నవాటితో పాటు నాలుగు వాక్యాలు ఎక్కువ రాయించండి. ఆ కథ చావు గురించి, తప్పొప్పుల గురించి, దేవుడి గురించి ఏం చెబుతోందో రాస్తే చాలు. మంచిదా చెడ్డదా అన్న తీర్పు అక్కర్లేదు, అది మేం చూసుకుంటాం. ఈ అవసరం మా ఒక్కరిదే కాదు, మా కింది వాటాలో ఉండే ముస్లిం సోదరి కూడా తన పిల్లల కోసం ఇదే అడుగుతోంది. వేసవి సెలవుల్లోపు ఈ నాలుగు వాక్యాలు మొదలైతే, మా క్లాసు బోర్డు మీద వారం వారం అంటిస్తాను.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
మల్కాజిగిరి, హైదరాబాద్.