వార్షిక నివేదిక 2024–25: ‘బలిపీఠం’ చదివిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన పాఠకుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఏటా రాసినట్టే నెలకో పుస్తకం చొప్పున వరసగా రాద్దామని కూర్చున్నాను. మినిట్స్ పుస్తకం తిరగేస్తే సగానికి పైగా పేజీలు ఒక్క నవల మీదే ఉన్నాయి. అందుకని మిగతావి క్లుప్తంగా చెప్పి దాని దగ్గరికి వస్తాను.

వేసవి సమావేశాలు మామూలుగానే జరిగాయి. బెజవాడ ఎండలు తెలిసినవే కదా, హాజరు పలచగా ఉంది. సెప్టెంబరులో సమావేశం పెట్టలేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట నీళ్లలో మునిగిన రోజులవి. మన సభ్యుల్లో కొందరు పిల్లాజెల్లాతో మేడల మీద గడిపారు. ఆ నెలంతా సంఘం పనంటే పాల ప్యాకెట్లు, మంచినీళ్ల టిన్నులు, పొడి బట్టలు మోయడమే. సాయపడిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

నీళ్లు తీశాక సింగ్‌నగర్‌లో ఉండే మన సభ్యురాలు ఒక సంచి తెచ్చారు. నిండా తడిసి ముద్దయిన పుస్తకాలు. ఒక్కటి మాత్రం అట్ట ఊడిపోయినా లోపల చదివేలా ఉంది. రంగనాయకమ్మ గారి ‘బలిపీఠం’. పేజీ పేజీకీ మధ్య న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి, వారం రోజులు ఫ్యాను కింద ఆరబెట్టారట. పుస్తకం ఉబ్బి రెండింతలయింది. పేజీ తిప్పితే అప్పడం విరిగినట్టు చప్పుడు. అంచుల్లో ఎండిన బురద వేలికి పొడిపొడిగా అంటుతోంది. మొదటి పేజీలో వాళ్లమ్మగారి పేరు, సిరా అలుక్కుపోయి మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. ‘మా అమ్మ దీన్ని బీరువాలో చీరల కింద దాచుకునేదండీ. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, చదవనూ లేదు’ అన్నారావిడ. నవంబరు పుస్తకం అక్కడికక్కడే ఖాయమైంది.

కొత్త సభ్యుల కోసం కథ రెండు ముక్కల్లో. అరుణ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన వితంతువు. జబ్బుతో ఎక్కువ కాలం బతకననుకుని, పసుపు కుంకుమలతో పోవాలని కోరుకుంటుంది. సంస్కరణ భావాలున్న దళిత యువకుడు భాస్కర్ ఆ కోరిక తీర్చడానికి ఆమెని పెళ్లి చేసుకుంటాడు. అరుణ కోలుకుంటుంది. అసలు నవల అక్కడే మొదలవుతుంది. చావు భయంలో గుర్తురాని కులం, ఆరోగ్యం వచ్చాక ఒక్కొక్కటిగా గుర్తొస్తుంది. 1960ల మొదట్లో వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు ఇళ్లల్లో ఎంత రభస జరిగిందో మన పెద్దలు చెప్పారు. రిటైర్డ్ టీచరు గారొకరు అప్పటికి హైస్కూల్లో ఉన్నారట. వాళ్ల నాన్నగారు ఆ పేజీలు చించి పొయ్యిలో పెట్టేవారట. వాళ్లమ్మగారు పక్కింటికి వెళ్లి చదివొచ్చేవారట.

నవంబరు సమావేశంలో అభిప్రాయాలు చెప్పమంటే మొదటి గంట అందరూ అరుణ మీద పడ్డారు. కృతజ్ఞత లేని మనిషి అన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందన్నారు. అప్పుడు డిగ్రీ చదివే మన చిన్న సభ్యురాలు లేచి, ‘కృతజ్ఞత అని ఎందుకంటున్నారండీ? పెళ్లి చేసుకుని ఉపకారం చేశాడని కదా? భాస్కర్‌ది ప్రేమ కాదు, జాలి. జాలితో కట్టిన తాళికి జీవితాంతం వడ్డీ కట్టాలా?’ అని అడిగింది. దాంతో చర్చ మొత్తం తిరగబడింది. దళిత సభ్యులొకరు దానికి ఒప్పుకోలేదు. ‘జాలి సంగతి తర్వాత తల్లీ. అతని ఇంట్లో, అతని తిండి తింటూ, అతని మనుషుల్ని చిన్నచూపు చూసింది. రచయిత్రి ఆ చూపుని దాచకుండా రాశారు. అది నాకు బాగా తెలిసిన చూపు. అందుకే నవల నచ్చింది’ అన్నారాయన. ఆ మాటని నేను ఉన్నదున్నట్టు మినిట్స్‌లోకి ఎక్కించాను.

ఇక్కడే పటమట నుంచి వచ్చే పెద్దాయన ఒకరు నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఇంటి పెళ్లి గుర్తుచేశారు. గోరా, సరస్వతి దంపతులు తమ పెద్దమ్మాయి మనోరమకి దళితుడైన అర్జునరావు గారితో పెళ్లి నిశ్చయించారు. తన ఆశ్రమంలోనే జరిపిస్తానని గాంధీజీ మాటిచ్చారు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. అయినా అనుకున్నట్టే మార్చి 13న సేవాగ్రామ్‌లో పెళ్లి జరిగింది. ‘అక్కడ ఎవరూ ఎవరినీ ఉద్ధరించలేదమ్మా, సమానులుగా కలిశారు. నవల్లో లేనిది అదే’ అన్నారు. కులాంతర వివాహాలు చెల్లుతాయని 1949లోనే చట్టం వచ్చిందని మన లాయరు గారు అందుకున్నారు. చట్టం వచ్చిన పదేళ్ల పైచిలుక్కి కూడా ఒక రచయిత్రి ఈ కథ రాయాల్సి వచ్చిందంటే వంటింటిదాకా చట్టం రాలేదన్న మాట.

వంటింటి మాట రాగానే మరొక సభ్యురాలు నోరు విప్పారు. పేరు వద్దన్నారు, రాయడానికి మాత్రం అనుమతి ఇచ్చారు. వారిది కులాంతర వివాహం, పాతికేళ్లు దాటింది. ‘మా అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదండీ. వచ్చినవాళ్లందరికీ మా కోడలు బంగారం అని చెప్పేవారు. ఆవకాయ జాడీ మాత్రం ముట్టుకోనిచ్చేవారు కాదు. బూజు పడుతుందమ్మా అనేవారు. మోకాళ్ల నొప్పులతో తనే స్టూలెక్కి పై అరలోంచి దించేవారు, మళ్లీ ఎక్కించేవారు. ఆవిడ పోయాక దాన్ని దించి, కడిగి బోర్లించాను. ఇంతవరకు అందులో ఏమీ పెట్టలేదు.’ మీ వారేమనేవారు అని ఎవరో అడిగితే, ‘ఆయనకి ఇప్పటికీ తెలీదు’ అన్నారు.

నేను ఆ నవల నాలుగుసార్లు చదివాను. అరుణ ఎవరో ఆ రాత్రి ఇంటికెళ్తుంటే అర్థమైంది. అరుణ ఆ కోడలు కాదు, ఆ అత్తగారు. మంచి మనిషే, ప్రేమ ఉన్న మనిషే, జాడీ మాత్రం పై అరలోనే.

డిసెంబరులో సినిమా వేసుకున్నాం. దాసరి నారాయణరావు దర్శకత్వంలో శోభన్‌బాబు, శారద నటించగా 1975లో వచ్చింది. ముందు మాట్లాడుకున్న హాలు వాళ్లు ‘కులం మీద చర్చ’ అని తెలిసి రెండు రోజుల ముందు కుదరదన్నారు. అడ్వాన్సు తిరిగిచ్చారు, బాధ మాత్రం మిగిలింది. మొగల్రాజపురంలో ఒక సభ్యుల డాబా మీద తెల్ల దుప్పటి కట్టి వేశాం. చలికి శాలువాలు కప్పుకుని, పల్లీలు ఒలుచుకుంటూ చూశాం. పాత ప్రింటు, అక్కడక్కడా మాట సరిగా వినపడలేదు.

‘కుశలమా’ పాట మొదలవగానే డాబా అంతా గొంతు కలిపింది. శ్రీశ్రీ రాసిన ‘కలసి పాడుదాం తెలుగు పాట’కి చప్పట్లు పడ్డాయి. పాటలయ్యాక నవంబరులో ‘ఆ చూపు నాకు తెలుసు’ అన్న సభ్యులు, ‘పాటప్పుడు ఎంత బాగా కలిశామో చూడండి. నవల అప్పుడు ఎవరి వైపు వాళ్లం కూర్చున్నాం’ అన్నారు. సినిమా మీద వచ్చిన మాటలన్నిట్లో నాకు బాగా తగిలింది అదే.

మన తెనాలి శారద అప్పటికే రెండుసార్లు జాతీయ ఉత్తమ నటి. ఆవిడ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంటే అరుణ మీద కోపం ఎవరికి నిలుస్తుంది? నవల చదివి తిట్టినవాళ్లే ‘పాపం, పిచ్చిది’ అన్నారు. ఇటు భాస్కర్‌గా మన కృష్ణా జిల్లా శోభన్‌బాబు. ఆడవాళ్లు మెచ్చిన అందగాడు ఓర్పుతో నిలబడితే, దళితుడన్న సంగతి చూసేవాళ్లు మర్చిపోతారు, ఒక మంచి భర్త మిగులుతాడు. సినిమాని తక్కువ చేయడానికి కాదు ఈ మాట. నవల అందని ఎన్నో ఇళ్లకి కథని చేర్చింది సినిమానే. కానీ నవల నన్ను నిద్రపోనివ్వలేదు, సినిమా ఏడిపించి నిద్రపుచ్చింది. దీనికి ఒప్పుకోని సభ్యులు చాలామందే ఉన్నారు. డెబ్బై ఐదులో గవర్నరుపేట హాల్లో మొదటి వారమే చూసిన ఒకావిడ, ఆ సినిమా చూశాకే తన చెల్లెలి కులాంతర పెళ్లికి ఇంట్లో ఒప్పించానని చెప్పారు. ఆవిడ ముందు నా వాదన నిలవదు.

ఇద్దరు సభ్యులు రాజీనామా పంపారు. సాహిత్యం కోసం వస్తే కులాల పంచాయితీ పెట్టారన్నది వారి బాధ. నేను వారిళ్లకి వెళ్లి మాట్లాడాను. ఒకరు జనవరి నుంచి మళ్లీ వస్తున్నారు. రెండో వారి కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది, ఎప్పుడొచ్చినా వారిదే. ఇలాంటి పుస్తకాలు పెట్టుకోవద్దన్న సూచనని మాత్రం కార్యవర్గం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. నేనూ దానికే చెయ్యెత్తాను.

జనవరిలో పుస్తకాల పండక్కి కలిసి వెళ్లాం. వరదలో పుస్తకాలు పోయిన సభ్యులకి తలా కొన్ని కొనిపెట్టాం. జమాఖర్చులు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. చందా బాకీ ఉన్నవారు ఆ లోపు కట్టేయండి.

చివరిగా ఒక మనవి. సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఆ ‘బలిపీఠం’ కాపీ డిసెంబరు నుంచి చేతులు మారుతూ ఎవరి దగ్గరో ఆగిపోయింది. దాన్ని తెచ్చిన ఆవిడ ఇంకా చివరి నలభై పేజీలు చదవాలట. ఎవరి దగ్గరుంటే వారు దయచేసి తెచ్చివ్వండి. కట్టు వదులుగా ఉంది, సంచిలో నిలువుగా పెట్టొద్దు.

కార్యదర్శి
విజయవాడ