కాకుటూరులో సంగీత మనస్తత్వ శాస్త్రం చదువుకోనివ్వండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి, నమస్కారాలు.

మూడేళ్ల కిందట మా తాతయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. మంచినీళ్లు అడగాలంటే "నీ... నీ..." అని ఆగిపోయేవాడు. ఒక శనివారం సాయంత్రం నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో మా ఇంటి ముందుకు భజన వాళ్లు వచ్చారు. చిడతల చప్పుడు వినగానే తాతయ్య ఎడమచేత్తో మంచం పట్టె మీద తాళం వేశాడు. రెండో చరణానికి గొంతు కలిపాడు. ఒక్క మాట తప్పలేదు. అమ్మమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాట అయ్యాక "నీళ్లు కావాలా తాతయ్యా" అని అడిగాను. మళ్లీ "నీ... నీ..."

నేను డిగ్రీలో సైకాలజీ చదివాను, ఎనిమిదేళ్లుగా గాత్రం నేర్చుకుంటున్నాను. అయినా ఆ సాయంత్రం చూసినదానికి నా దగ్గర జవాబు లేదు. వెతికి చదివితే తెలిసింది. మెదడు దెబ్బతిని ఇలా మాట పోవడాన్ని అఫేజియా అంటారు. మాటను నడిపే భాగాలు ఎక్కువమందికి ఎడమ మెదడులో ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలినా కొందరికి పాట మిగులుతుంది. 1973లో బోస్టన్ పరిశోధకులు దీన్ని చికిత్సగా మలిచారు. రోగి ఎడమచేతిని అక్షరానికి ఒకసారి తడుతూ, చిన్న చిన్న మాటలను రాగం తీసి పలికిస్తారు. మాటను బయటికి లాగేది రాగమా, తాళమా, నోటికి వచ్చేసిన సాహిత్యమా అన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. ఊరూరా రామమందిరం, వారం వారం భజన ఉన్న జిల్లా మాది. ఆ ప్రశ్న మీద పనిచేయడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది సార్?

పాట మనసు మీద, మెదడు మీద ఎలా పనిచేస్తుందో చెప్పే సంగీత మనస్తత్వ శాస్త్రం చదువుతానని పీజీ అడ్మిషన్లప్పుడు అడిగితే, కౌంటర్లో ఉన్నాయన "సంగీతమా, సైకాలజీనా, ఏదో ఒకటి తేల్చుకోమ్మా" అన్నారు. ఆయన తప్పేం లేదు, ఆ ఫారంలో మూడో గడి లేదు.

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్, లండన్ గోల్డ్‌స్మిత్స్ విశ్వవిద్యాలయాలు దీన్ని పీజీ స్థాయిలో బోధించాయి. మానసిక, నాడీ వ్యాధులకు వైద్యం చేసే బెంగళూరు నిమ్హాన్స్‌లో సంగీతానికీ మెదడుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే ల్యాబ్ ఉంది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో హిందుస్తానీ సంగీతం పరిచయం లేని పాశ్చాత్య శ్రోతలకు రాగాలు వినిపించి, ఇందులో ఏ భావం ఉందని అడిగారు. సంతోషం, దుఃఖం, కోపం పోల్చుకున్నారు. శాంతాన్ని మాత్రం పట్టుకోలేకపోయారు. ఇది చదివినప్పటి నుంచి నాకు ఒకటే ఆరాటం: ఇదే ప్రశ్న కర్ణాటక రాగాలతో మన వాళ్లను అడిగితే ఏమంటారు? కచేరీ ఎన్నడూ వినని కోవూరు రైతు, మైపాడు మత్స్యకారుడు శాంతాన్ని పోల్చుకుంటారా? పక్కనే ఉమ్మడి ప్రకాశం జిల్లా. త్యాగరాజ స్వామి పూర్వీకులది కాకర్ల అని, శ్యామశాస్త్రి గారి పూర్వీకులది కంభం అని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు మా నెల్లూరు వారే.

కోట్లు అడగడం లేదు. కాకుటూరులో 2008 నుంచి విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. నెల్లూరులో బాలు గారి పేరు పెట్టిన ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది, ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఈ మూడింటినీ కలిపి ముందు ఒక్క ఎలక్టివ్ పేపర్ (ఇష్టమైనవాళ్లు ఎంచుకునే సబ్జెక్టు) పెట్టించండి. బయటి చప్పుడు వినపడని ఒక గది, నాలుగు కంప్యూటర్లు, మంచి హెడ్‌ఫోన్లు చాలు. సంగీతం మాస్టారు ఒకరు, సైకాలజీ లెక్చరర్ ఒకరు కలిసి పాఠం చెప్పాలి. విడివిడిగా చెబితే మళ్లీ రెండు సబ్జెక్టులే అవుతాయి. పక్షవాతం రోగులతో చేసే పని మాత్రం డాక్టర్లు, స్పీచ్ థెరపిస్టుల పర్యవేక్షణలోనే జరగాలి. పాట పాడిస్తే మాట వచ్చేస్తుందని ఎవరికీ ఆశ పెట్టకూడదు. ఆ ఆశతో మేమెంత తిరిగామో నాకు తెలుసు.

స్పీచ్ థెరపీ కోసం తాతయ్యను చెన్నైకి రైల్లో తీసుకెళ్లేవాళ్లం. పోను ఒక పూట, రాను ఒక పూట, అక్కడ ఉండేది ముప్పావు గంట. నాలుగు నెలల తర్వాత ఇక రానని చెయ్యి ఊపేశాడు. ఇప్పుడు నేను పక్కన కూర్చుని ఆయన ఎడమచేతిని తడితే, ఒక్కోరోజు "నీ-ళ్లు" అని సాగదీసి అంటాడు, ఒక్కోరోజు అనలేడు. ఎందుకో చెప్పగలిగేంత చదువు నాకు కావాలి. వచ్చే విద్యా సంవత్సరం నోటిఫికేషన్‌లో ఆ పేపర్ పేరు ఉండేలా చూడండి.

ఇట్లు,
బుచ్చిరెడ్డిపాళెం నుంచి ఒక విద్యార్థిని