పున్నమికి కూడా చుక్కలు పడతాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం పేజీలో చుక్కల ఫొటోలు తియ్యాలంటే అమావాస్యకే వెళ్ళాలి, వెన్నెలుంటే కెమెరా బ్యాగులోంచి తియ్యక్కర్లేదు అన్నట్టు రాశారు. పాలపుంత కోసమైతే నిజమే, కాదనను. కానీ మా కోనసీమలో అమావాస్యకి వెళ్తే కొబ్బరిచెట్లూ కాలవగట్టూ అన్నీ మసిబొగ్గులా వస్తాయి, పక్కన రొయ్యల చెరువుల లైట్లు మాత్రం భగ్గుమంటా ఉంటాయి, ఇంక ఆ ఫొటోలో చూడ్డానికి ఏముంటుంది చెప్పండి.

నేను పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తానండి, ముహూర్తాల్లేని రోజుల్లో ఇదో పిచ్చి. మొదట్లో తెలీక అమావాస్య సెట్టింగే పున్నమికీ పెట్టేశా, ఐఎస్ఓ (అంటే వెలుగుని పట్టడంలో కెమెరా చురుకు) 3200, 30 సెకన్లు, ఆకాశం సున్నం కొట్టిన గోడలా వచ్చింది. తర్వాత ఐఎస్ఓ 800కి దించి, ఎపర్చర్ (లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలో అది) 2.8 పెట్టి, 8 సెకన్లు ఇచ్చి చూశా, అబ్బో, పట్టపగల్లా నీలం ఆకాశం, అందులో చుక్కలు! వెన్నెలంటే చంద్రుడి మీద పడి మనకొచ్చే ఎండే కదా, కాకపోతే సుమారు 4 లక్షల రెట్లు తక్కువ, అందుకే మన కంటికి రంగులు ఆనవు గానీ కెమెరాకి కాస్త టైమిస్తే ఆనతాయి. చంద్రుణ్ణి మాత్రం వీపు వెనక పెట్టుకోవాలి. సన్నచుక్కలు పోతాయి, పోనీండి, రోహిణి, ఆరుద్ర లాంటి పెద్దవే మిగిలి కొత్తవాళ్ళకి గుర్తుపట్టడం తేలికవుద్ది. కార్తీక పున్నమికి పిల్లలకోడిని, అంటే కృత్తికల గుంపుని మాత్రం అడక్కండి, చంద్రుడు కృత్తికల దగ్గరుంటాడనే ఆ నెలకి ఆ పేరు, ఆ వెలుగులో అవి కొట్టుకుపోతాయి.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది శ్రీరామనవమి రాత్రండి. పందిట్లో పానకం తాగేసి అంతర్వేది బీచ్‌కి పోతే, చంద్రుడు కుంగే దాకా, అంటే ఇంచుమించు రెండింటి దాకా, ఇసకా సరుగుడు తోటా వెన్నెల్లో తీసుకోవచ్చు, ట్రైపాడ్ కదపకుండా కూర్చుంటే ఆనక చీకట్లో సముద్రం మీద వృశ్చికం, దాని వెనకాలే పాలపుంత. లెన్స్ తుడుచుకోడానికి తువ్వాలు మర్చిపోకండి, మా గాలికి ఊరికే చెమర్చేస్తుంది.

ఇంతకీ ఉత్తరం ఎందుకంటే, మీ పంచాంగం గడిలో సూర్యోదయం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ వేస్తారు, చంద్రుడు ఎప్పుడొస్తాడో ఎప్పుడు కుంగుతాడో వెయ్యరు. ఆయన రోజూ ఇంచుమించు 50 నిమిషాలు లేటు. ఓసారి బహుళ పంచమి నాడు లెక్క తప్పి చీకటి పడగానే గట్టెక్కి కూర్చున్నా, దోమలు పీకేస్తున్నాయి, చంద్రుడు రాలేదు గానీ చెరువు కాపలా ఆయనొచ్చాడు, రొయ్యల దొంగననుకుని మొహమ్మీద టార్చేసి "ఎవడ్రా అది" అని ఒకటే కేకలు, ట్రైపాడ్ చూపించినా నమ్మడే. వర్జ్యం కింద ఇంకో లైను పడుతుందేమో చూడండి సార్.

- ఓ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్, అమలాపురం దగ్గర