స్లాష్ కొట్టు, ఆ తర్వాత సరిగ్గా అడుగు

ఒరేయ్ సతీషూ,

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసే టైమొచ్చింది, ఆడిటర్ కాగితాలు అడుగుతున్నాడు, జీమెయిల్లో ఒక్కటీ దొరకట్లేదు అన్నావ్ కదా. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావ్. లాప్‌టాప్ ముందు పెట్టుకుని ఇది చదువు.

ముందు షార్ట్‌కట్లు ఆన్ చెయ్యాలి. పైన కుడి పక్కన గేర్ బొమ్మ నొక్కి 'సీ ఆల్ సెట్టింగ్స్'లోకి వెళ్లు. 'జనరల్' ట్యాబ్‌లో కిందికి జరిగితే 'కీబోర్డ్ షార్ట్‌కట్స్' కనపడుతుంది. ఆన్ చేసి, పేజీ అట్టడుగున ఉన్న 'సేవ్ చేంజెస్' నొక్కు. అది నొక్కకుండా బయటికొచ్చేసి 'పని చెయ్యట్లేదు' అనేవాళ్లే ఎక్కువ.

ఇక / కొడితే కర్సర్ నేరుగా సెర్చ్ పెట్టెలో వాలుతుంది. అడగాల్సింది కొట్టి ఎంటర్ నొక్కు. ఫలితాల్లో జె కిందికి, కె పైకి. మెయిల్ తెరవడానికి ఓ, మళ్లీ జాబితాకి రావడానికి యు. కర్సర్ పెట్టెలోనే ఉండిపోతే జె అక్షరం అందులోనే పడుతుంది, ఎస్కేప్ నొక్కి బయటికి రా. మిగతావన్నీ ? కొడితే తెర మీదే కనపడతాయి, బట్టీ పట్టక్కర్లేదు.

నీకు ఇంకో చిక్కుంది. నువ్వు ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైప్ చేస్తావ్. ఆ కీబోర్డు ఆన్‌లో ఉంటే / ఉన్న చోట 'య' పడుతుంది, జె ఉన్న చోట 'ర'. జీమెయిల్ చూసేది ఆ అక్షరాన్నే కాబట్టి షార్ట్‌కట్ పలకదు. విండోస్ కీ, స్పేస్ కలిపి కొట్టి ఇంగ్లీషుకి మార్చుకో.

ఇంతవరకూ చేతి అలవాటే. అసలు టైం ఆదా అయ్యేది పెట్టెలో ఏం కొడతావన్న దాన్ని బట్టే. ఉత్త బ్యాంకు పేరు కొడితే ఆఫర్ల చెత్తంతా వచ్చి పడుతుంది. 2024-25 ఆర్థిక సంవత్సరానికైతే ఇలా అడుగు: ఫ్రమ్:బ్యాంకు పేరు, హ్యాజ్:అటాచ్‌మెంట్, ఆఫ్టర్:2024/04/01, బిఫోర్:2025/04/01. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో కామాలు లేకుండా, ఒక్కో స్పేస్‌తో కొట్టాలి. కోలన్ తర్వాత మాత్రం స్పేస్ వద్దు. బిఫోర్‌కి మార్చి 31 ఇవ్వకు, ఇచ్చిన తేదీ లెక్కలోకి రాదు, ఆఖరి రోజు మెయిల్ జారిపోతుంది.

ఫామ్ 16 (జీతంలో పట్టుకున్న పన్నుకి ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్) అయితే ఆ పేరుని కోట్స్‌లో పెట్టు. లేకపోతే 'ఫామ్' ఒక మూల, '16' ఇంకో మూల ఉన్న మెయిల్ కూడా వచ్చేస్తుంది. జీమెయిల్ మాట మొత్తాన్నే పోలుస్తుంది, ముక్కని కాదు. మీ పేరోల్ వాళ్లు రెండూ కలిపి 'ఫామ్16' అని రాసుంటే కోట్స్‌లో పెట్టింది దొరకదు. అందుకే రెండు రూపాలూ కొట్టి మధ్యలో 'ఆర్' (OR) పెట్టు, పెద్ద అక్షరాల్లో. చిన్న అక్షరాల్లో పెడితే దాన్నీ మామూలు మాటలాగే చూస్తుంది.

మియాపూర్ ఫ్లాట్ అద్దెకిచ్చావ్ కదా, ఆ ఏడాది నువ్వు కట్టిన జీహెచ్‌ఎంసీ ఇంటి పన్ను అద్దె ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. ఆ రసీదు కూడా వెతుకు. కనపడకపోతే ఇన్:ఎనీవేర్ చేర్చు. మామూలు సెర్చ్ స్పామ్‌లోకీ ట్రాష్‌లోకీ తొంగి చూడదు, ఇది చూస్తుంది. ఇంకోటి, పాస్‌వర్డ్ పెట్టిన స్టేట్‌మెంట్ లోపలి అంకెతో వెతికి లాభం లేదు. తాళం వేసిన పీడీఎఫ్‌ని జీమెయిల్ చదవలేదు.

స్టోరేజ్ నిండిందని ఏడ్చావ్ కదా, దానికీ ఇదే మందు. గూగుల్ ఊరికే ఇచ్చే ఆ 15 జీబీలో డ్రైవ్, ఫోటోలు కూడా వాటాదార్లే. లార్జర్:10ఎమ్ ఓల్డర్_దాన్:2వై (larger:10M older_than:2y) అని కొట్టు, రెండేళ్లు దాటిన పెద్ద మెయిళ్లన్నీ వస్తాయి. * కొట్టి, వెంటనే ఏ (a) కొడితే ఆ పేజీలోవి మాత్రమే టిక్ అవుతాయి, మామూలుగా 50. మొత్తం కావాలంటే పైన వచ్చే 'సెలెక్ట్ ఆల్' లైను నొక్కాలి. కానీ ముందు జాబితా ఒక్కసారి చూసుకో, ఇంటి రిజిస్ట్రేషన్ స్కాన్లు అందులోనే ఉండొచ్చు. ఉంచాల్సిన దాని మీదికెళ్లి ఎక్స్ కొడితే టిక్ పోతుంది. # కొడితే డిలీట్. సంభాషణలో ఒక్క మెయిలే కాదు, మొత్తం గొలుసు పోతుంది. చెయ్యి జారితే వెంటనే జెడ్ కొట్టు. ట్రాష్‌లో 30 రోజులుంటాయి, అప్పటిదాకా జాగా ఖాళీ అవ్వదు, తొందరైతే ట్రాష్ నువ్వే ఖాళీ చెయ్యి.

ఆఫీసులో ఔట్‌లుక్ అన్నావ్, విండోస్‌లో పాత ఔట్‌లుక్ అయితే కంట్రోల్, ఈ (E) కలిపి కొడితే సెర్చ్ పెట్టెలోకి వెళ్తావ్. అక్కడి పదాలు కొంచెం వేరు, అది ఇంకోసారి.

ముందు ఫామ్ 16 వెతికి ఆడిటర్‌కి పంపు. దొరక్కపోతే నువ్వు పెట్టెలో కొట్టింది ఉన్నదున్నట్టు నాకు వాట్సాప్ చెయ్యి.

నీ
రవి