అందర్నీ చెదరగొడితే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఎక్కడ పెడతారు?

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో నగరాలే లేని ఒక ఊహా దేశం గురించి వ్యాసం వేశారు కదండీ, ఇంటికో ఎకరం నేల, ఇంటికీ ఇంటికీ మధ్య తోటలు, ఎక్కడా ఐదు వేల మందికి మించి ఒకచోట ఉండకూడదని చట్టం. చదవడానికి బాగుంది, వేసిన బొమ్మ ఇంకా బాగుంది. కానీ చివర్లో మన వైజాగ్‌ని కూడా అలా విడగొడితేనే బాగుపడుద్ది అన్నారు చూశారా, అక్కడ ఉండబట్టలేక ఈ ఉత్తరం.

ముందు లెక్కేసుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో 17.28 లక్షల మంది. ఇంటికి నలుగురనుకున్నా 4.3 లక్షల ఇళ్లు, ఇంటికో ఎకరం అంటే సుమారు 1,750 చదరపు కిలోమీటర్లు. 2022లో విడగొట్టాక మిగిలిన మన జిల్లా మొత్తమే వెయ్యి చిల్లర, అందులోనే సింహాచలం కొండ, కంబాలకొండ అడవి, నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంటు అన్నీ ఉన్నాయి. మిగతావాళ్లకి సముద్రంలో పట్టాలిస్తారా? ఈ ఎకరం ముచ్చట కొత్తది కూడా కాదు, అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ 1935లోనే నమూనా కట్టి మరీ చూపించాడు, అయితే అది ఇంటింటికీ కారుంటేనే నడిచే ఊరు. మనకేమో 900కె సిటీ బస్సు ఎక్కి భీమిలి వెళ్లేవాళ్లే ఎక్కువ, ఎకరానికో ఇల్లుంటే ఆ బస్సు ఎవరి గుమ్మం ముందు ఆగుద్ది?

అసలు విడివిడిగా బతకడం ఎలా ఉంటదో చూడ్డానికి ఊహా దేశం దాకా ఎందుకండీ, పాడేరు దాటి జి.మాడుగుల, పెదబయలు వైపు వెళ్తే చాలు. కొండ మీద పది ఇళ్లు, ఇంకో కొండ మీద పదిహేను. గాలి మంచిదే, నీళ్లు మంచివే. పురిటి నొప్పులొస్తే మాత్రం కర్రకి దుప్పటి కట్టి డోలీలో పెట్టుకుని ఇద్దరు ముందూ వెనకా మోస్తూ, మధ్యలో భుజం మార్చుకుంటూ, గెడ్డ దాటి రోడ్డు దాకా దిగాలి, అక్కడ 108 ఉంటే అదృష్టం. డోలీ మోతలని మీ పేపర్లోనే ఎన్నిసార్లు వెయ్యలేదు? కేసు సీరియస్ అయితే చివరికి తెచ్చేది ఈ పాడు నగరంలోని కేజీహెచ్‌కే. శ్రీకాకుళం నుంచీ ఒడిశా నుంచీ కూడా అక్కడికే వస్తారు. అన్ని రకాల డాక్టర్లూ ఒకచోట ఉండాలంటే చుట్టూ అంత జనం ఉండాలి, పది ఇళ్లకో న్యూరో సర్జన్‌ని ఎవరూ పెట్టలేరు.

వెంకటాపురం ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ గ్యాస్ లీకుని కూడా రచయిత నగరం ఖాతాలోనే రాసేశారు. 2020 మే 7 నాటి ఆ లీకుతో 12 మంది పోయారు, ఈ ఊళ్లో దాన్ని ఎవరూ మర్చిపోలేదు. కానీ 1961లో ఆ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు అది ఊరి బయటే ఉండేది, తర్వాత ఊరు అడ్డదిడ్డంగా పాక్కుంటూ వెళ్లి దాని గోడకి ఆనుకుంది, ఆపే ఆఫీసర్ లేడు. అది పక్కపక్కన బతకడం వల్ల వచ్చిన చావు కాదు.

ఇంకొకటి, పల్లెంటే అందరికీ తోటలూ వెన్నెలా కాదు. 1948లో రాజ్యాంగ సభలోనే అంబేడ్కర్ పల్లెల్ని అజ్ఞానపు గుహలని తిట్టిపోశారు, ఎందుకన్నారో ఊరవతల పేటలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. వైజాగ్‌లోనూ ఇల్లు అద్దెకి అడిగితే మీరేంటోళ్లు అంటారు, కాదనను, కానీ సింహాచలం 28 బస్సులో పక్క సీటువాడు అడగడు, జగదాంబ జంక్షన్‌లో టీ ఇచ్చేవాడూ అడగడు. ఆ కాస్త ఊపిరి కోసమే వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

రచయిత మంచి మనసుతోనే రాశారనుకుంటా. కానీ నగరం చెడ్డదని పిచ్చిగా నమ్మిన ఖ్మేర్ రూజ్ వాళ్లు 1975 ఏప్రిల్‌లో కంబోడియా రాజధాని నామ్‌పెన్‌ని ఏం చేశారో కూడా ఒక్క ముక్క రాసుంటే బాగుండేది, ఊరు మొత్తం ఖాళీ చేయించి, ఆస్పత్రి మంచాల మీదున్న పేషెంట్లని కూడా రోడ్డు మీదకి నెట్టి నడిపించారు.

ఇప్పటికే ఆనందపురం, భోగాపురం వైపు రోడ్డు పొడుగునా లేఅవుట్లు, ఆర్చీ ఒకటి, కొబ్బరి మొక్కలు రెండు, ఇళ్లు లేవు. వాటికి పైపులూ లైట్లూ మన పన్నులతోనే వెయ్యాలి, ఈలోగా కొండవాలు కాలనీల్లో బిందెలు మోసుకుంటూ మెట్లెక్కుతున్నారు. ముందు వీళ్లకి కుళాయి ఇవ్వండి, బస్సులు పెంచండి, ఊరు పాక్కోడం ఆపండి.

వ్యాసం రెండో భాగం వచ్చే ఆదివారం అన్నారు. ఆ దేశంలో అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎంత దూరం వెళ్లాలో, ఎకరానికో ఇంటి దగ్గర చెత్త ఎవరు ఎత్తుతారో, వాళ్లకి జీతం ఎవరిస్తారో ఈసారన్నా రాయమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం