ఉదయగిరి చెక్క గెంటెలకి నెల్లూరులో ఒక కొట్టు ఇప్పించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న నెల్లూరులో పెట్టిన ఎగ్జిబిషన్‌కి నేనూ మా అత్తమ్మా పోయినాం. అన్నీ చూసుకుంటా చివరాఖరికి జెయింట్ వీల్ వెనకాలకి పోతే అక్కడ ఉదయగిరి నుంచి వచ్చిన ఆడోళ్ల గ్రూపు ఒక టేబుల్ వేసుకుని చెక్క గెంటెలు, స్పూన్లు, ఫోర్కులు, తెడ్లు, దువ్వెనలు పరిచిపెట్టుకోనుండారు, లైటు కూడా సరిగ్గా పడట్లా ఆ మూలకి. మా అత్తమ్మ ఒక గెంటె చేతిలోకి తీసుకుని ఇంక కింద పెట్టలేదు, పాతది విరిగినప్పట్నుంచి రెండేళ్లుగా ఇట్టాంటిదాని కోసమే వెతుకుతుండాది.

చేపల పులుసు వండేవాళ్లకి చెప్పక్కర్లేదు, మట్టి సట్టిలో స్టీలు గెంటె పెడితే ముక్క చితికిపోద్ది, సట్టికీ దెబ్బే. చెక్కదైతే చెయ్యి కాలదు, నాన్‌స్టిక్ పెనం మీద గీత పడదు.

ఆ గ్రూపులో ఒక అక్కతో మాట్లాడితే చెప్పింది, ఉదయగిరి దుర్గం కొండ మీద దొరికే నర్ది, బిక్కి, కల్ది లాంటి చెక్క తెచ్చుకుని ఉలితో చెక్కి, ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా చేస్తారంట, సన్న స్పూన్లు ఇంట్లో కూర్చుని ఆడోళ్లే చేస్తారంట. ఆమె వేళ్లు చూస్తే నాకు మాట రాలేదు, అన్నీ కాయలు కాసిపోయుండాయి. మేం అక్కడ ఉండంగానే ఒకాయన వచ్చి, ప్లాస్టిక్‌ది ఇంతకి సగానికే వస్తది కదా అని బేరమాడి కొనకుండానే పోయినాడు. నాకు చానా బాధేసింది.

ఉదయగిరి చెక్క సామానుకి జీఐ ట్యాగ్ ఉంది, అంటే ఇది మన ఊరి పని, ఇంకెక్కడా ఆ పేరుతో చెయ్యకూడదని గవర్నమెంటే చెప్పినట్టు. కానీ ఆ ట్యాగ్ ఉన్న వస్తువు కావాలంటే ఎగ్జిబిషన్ వచ్చేదాకా ఎదురుచూడాలా, లేదంటే వంద కిలోమీటర్లు బస్సెక్కి ఉదయగిరి పోవాలా? ఎగ్జిబిషన్ పది రోజులు, మిగతా సంవత్సరం అంతా ఈ ఆడోళ్లు మధ్యలో వ్యాపారికి వాడు చెప్పిన రేటుకి ఇచ్చుకోవాల్సిందే కదా.

1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడోళ్లు సారా కొట్లు మూయించారు, ఆ ఊపులోంచే మన జిల్లాలో పొదుపు గ్రూపులు పుట్టినాయి. అట్టాంటి జిల్లాలో ఒక గ్రూపుకి పది అడుగుల కొట్టు ఇవ్వలేమా అండీ? 2022 బడ్జెట్‌లో రైల్వే వాళ్లది ‘ఒక స్టేషన్, ఒక ఉత్పత్తి’ అని, స్టేషన్‌లో ఆ ప్రాంతం వస్తువులు అమ్ముకునేదానికి స్టాల్ ఇచ్చే స్కీమ్ చెప్పారు, నెల్లూరు స్టేషన్‌లో ఆ స్టాల్ వీళ్లకి ఇవ్వొచ్చు, ఆర్టీసీ బస్టాండ్‌లో ఒకటి ఇవ్వొచ్చు. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు కాడికి లక్షల మంది వస్తారు, అక్కడ కూడా ఒక టేబుల్ ముందు వరసలో వేయించండి, వెనక మూలన కాదు. పక్కనే ఒకరు కూర్చుని చెక్కుతా ఉంటే ఇంకా మంచిది, చూసినోడు బేరమాడడు.

కొన్నవాళ్లు కూడా ఒకటి గుర్తుపెట్టుకోండి, రాత్రంతా సింకులో నీళ్లలో నానబెట్టొద్దు, కడిగి ఆరబెట్టి అప్పుడప్పుడూ కొంచెం నూనె పూస్తే ఏళ్ల తరబడి వస్తది.

ఆఫీసర్లు ఎవరన్నా ఈ లెటర్ చదివితే ముందు ఉదయగిరి పోయి ఆ గ్రూపు వాళ్లనే అడగండి, కొట్టు ఎక్కడ కావాలో, నెలకి ఎన్ని చెయ్యగలరో, అద్దె ఎంతైతే కట్టుకోగలరో వాళ్లకే బాగా తెలుసు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, నెల్లూరు